బాపు చెరిపిన వంతెన

గఫూర్ చాచా చనిపోయిన వారానికి శాలిబండ వెళ్లాను. పటాలు అచ్చువేసే సర్కారు ఆఫీసులో ఆయన మా బాపు పక్క బల్ల మనిషి. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ గదిలో పనిచేసినవాళ్లలో ఆఖరున మిగిలింది చాచా ఒక్కడే. ఆయన చిన్నకూతురు నస్రీన్ చాయ్ ఇచ్చి, లోపలికి వెళ్లి, మూతికి గుడ్డ కుక్కిన ఒక రేకు గొట్టం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పటాలు చుట్టి పెట్టుకునే పాత గొట్టం. అంచులు తుప్పు పట్టాయి.

"ఇది మీకే ఇయ్యమన్నడక్కా అబ్బా. మమ్మల్ని ముట్టనియ్యకపోతుండె. ఇంకోటి అడగాల్నా?" అంది.

"అడుగు."

"ఏడాదికొకసారి, చలి మొదలుకాంగనే, అబ్బా ఒక జొన్న గింజ అడుగుతుండె. ఒక్కటే గింజ. చెంచడు గంజి. తీస్కపోయి తలుపు ఏస్కుంటుండె. 'ఏంది అబ్బా, చీమకు దావతా?' అని నేను నవ్వుతుంటి. ఈ ఏడు అడగకముందే పోయిండు. ఎందుకో మీకు ఎర్కేనా?"

తెలియదన్నాను. మా ఇంట్లో పెరిగినవాళ్లకు ముందు నోటికొచ్చే జవాబు అదే. ఆటోలో గొట్టాన్ని మోకాళ్ల మీద నిలబెట్టుకుని ఇంటికి వచ్చాను. రెండు రోజులు దాన్ని తెరవలేదు. ఆ రెండు రోజుల్లో గుర్తుకొచ్చింది ఇది.

మా ఇల్లు శాలిబండ ఎత్తు మీద, గాజుల కార్ఖానా వెనక సందులో ఉండేది. పొద్దంతా లక్క కరిగే వాసన వచ్చేది. రెండు అర్రలు, ముందర వరండా. లోపలి అర్ర బాపమ్మది, అంటే మా నాయనమ్మది. అందులో ఆమె పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన టేకు అల్మారా, ఒక నులక మంచం, జొన్నల డబ్బా. జొన్నలు బేగంబజారు నుంచి నెలకోసారి తెచ్చేవాళ్లం. బాపమ్మ చాటలో పోసుకుని మంచం మీద కూర్చుని ఏరేది. ఆమె చదువుకోలేదు. కాని ఆమె ఏరిన జొన్నల్లో రాయి పంటికి తగలడం నాకు గుర్తు లేదు. చాయ్ ఇత్తడి గ్లాసులో తాగేది, ఊదకుండా, చల్లారేదాకా చేతిలో పట్టుకుని.

బాపు పొద్దున లేవగానే పన్నీటితో కళ్లు కడుక్కునేవాడు. పొద్దుగూకాక పేపరు కూడా చదివేవాడు కాదు. "కండ్లు ఆఫీసువి బిడ్డా" అనేవాడు. అందుకని పేపరు చదివి వినిపించడం నా పని. నేను అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆఫీసులో ఆయన ఏం పని చేస్తాడో మాకు తెలియదు. తెలిసిందల్లా, గోళ్ల కింద ఎప్పుడూ ఎర్ర రంగు ఉండేది. అమ్మ సబ్బుతో ఎంత రుద్దినా పోయేది కాదు. ఒకసారి అమ్మ అడిగితే, "సంతకం పెట్టిన" అని ఊరుకున్నాడు. భార్యకు కూడా చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాడన్నమాట. ఆ పని పూర్తి వివరం బాపు పోయాక గఫూర్ చాచా చెప్పాడు.

కింద దీపం వెలిగే గాజు బల్ల ఒకటి. దాని మీద పటం నెగెటివు. జనం చేతికి పోకూడని వాటి జాబితా పైనుంచి వచ్చేది: వంతెనలు, విమానాలు దిగే మైదానాలు, మందుగుండు గోదాములు. బాపు సన్న కుంచెతో ఒక్కొక్కదాని మీద ఎర్ర రంగు పూసేవాడు. ఎర్ర రంగు పడ్డది అచ్చులో రాదు. అంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాత. తీసేసిన చోటు బోసిగా ఉంటే శత్రుదేశం మనిషి అక్కడే వేలు పెడతాడు. కాబట్టి చుట్టుపక్కల గుట్టల గీతలను, వాగు ఒడ్డును, సూదిమొనతో ఆ బోసిలోకి సాగదీసి కలపాలి. అది ఆ ఆఫీసులో బాపుకే చేతనయ్యేది. కలిపాక అచ్చు కాగితాన్ని గఫూర్ చాచా ముందు పెట్టేవాడు. ఏం తీశాడో చెప్పడు. చాచా రెండు బీడీలు కాలేంతసేపు చూసేవాడు. ఆయన కన్ను ఎక్కడైనా ఒక్క క్షణం నిలబడితే పని మళ్లీ మొదలు. కన్ను ఆగొద్దు. ఆ గదిలో ఇంతకంటే పెద్ద నియమం లేదట.

బాపు కంటే పదేళ్లు చిన్నవాడు మా చిన్నబాపు, యాదగిరి. ఫౌజులో వంతెనలు కట్టే దళంలో ఉండేవాడు. ఇంట్లో గట్టిగా నవ్వే మనిషి ఆయన ఒక్కడే. ఆఖరిసారి సెలవు మీద వచ్చినప్పుడు, అందరం అన్నాలు తింటుండగా, బాపు గోళ్లవైపు చూసి అన్నాడు.

"అన్నా, నువ్వేం పని జేస్తవో నాకు ఎర్కైంది."

"తిను" అన్నాడు బాపు.

"మేం నడుముల్లోతు నీళ్లల్ల నిలబడి వంతెన కడ్తం. నువ్వు ఫ్యాను కింద కూసొని దాన్ని మింగుతవ్."

"ఏందిరా మింగేది?" అంది బాపమ్మ.

"ఏం లేదమ్మా. నీ పెద్దకొడుక్కు ఆకలి ఎక్కువ. ఇనుమన్న, సిమెంటన్న, ఏదీ ఇడిశిపెట్టడు."

అందరం నవ్వాం. బాపు నవ్వలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. పళ్లెంలో అన్నం సగం మిగిలే ఉంది.

ఆ చలికాలం లడాయి వచ్చింది. కిటికీలకు గోధుమరంగు కాగితం అంటించాం. పగలు కూడా ఇంట్లో పసుపు మసక. ఆ వెలుతురులో బాపమ్మ మొహం, అల్మారా, గోడ, అన్నీ ఒకే రంగులో ఉండేవి. కాలేజీ నుంచి వచ్చి నేను పేపరు చదివేదాన్ని. తూర్పున మన ఫౌజు ముందుకు పోతోంది. పడమట సరిహద్దు పొడవునా పోట్లాట. అమెరికావాళ్ల యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వస్తున్నాయని రాసిన రోజు బాపమ్మ జొన్నలు ఏరడం ఆపింది.

"గంత దూరంకెళ్లి ఎందుకొస్తున్నయ్?"

"బెదిరియ్యనీకి."

"ఎవర్ని?"

"మనల్ని. రష్యావాళ్ల ఓడలు వాటి ఎనకాల వస్తున్నయట బాపమ్మా. మనకు సాయం."

ఆమె చాట పక్కన పెట్టింది. "దానెనక ఇది, దీనెనక అది. ఇద్దరికి యాదగిరి అంటే ఎవడో ఎర్కేనా?" అంది.

నేను నవ్వాను. ఆమె హాస్యానికి అనలేదు. కాలేజీలో మా లెక్చరర్ ఆ ఓడల గురించి గంటసేపు చెప్పింది. బలాబలాలు, ఒప్పందాలు, ఎవరు ఎవరిని నిలువరించారన్నది. నోట్సు రాసుకున్నాను. బాపమ్మ అడిగినదానికి అందులో జవాబు లేదు.

రెండు వారాలు తిరక్కుండానే లడాయి అయిపోయింది. సందులో మిఠాయిలు పంచారు. కిటికీల కాగితాలు చించాం. తర్వాత ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నేనే చదివాను. చిన్నబాపు ఆచూకీ తెలియడం లేదు. పడమటి సరిహద్దులో ఫలానా ఊరి దగ్గర వంతెన మీద ఆఖరుగా చూశారు. చనిపోయాడని రాయలేదు. ఊరి పేరు చదవగానే, పక్కన నిలబడ్డ బాపు చేతిలో గ్లాసు లేకపోయినా ఉన్నట్టు వేళ్లు బిగుసుకున్నాయి. వెళ్లి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఒక పని మొదలైంది. ముందు వరండాలోంచి చిన్నబాపు బూట్లు పోయాయి. వాటి జాగాలో బాపు పాత చెప్పులు వచ్చాయి. తర్వాత గోడకు ఉన్న గడ్డం గీసుకునే అద్దం పోయింది. ఆ మేకుకు క్యాలెండరు వేలాడింది. తర్వాత ఆయన చొక్కాలు, ఈల, వెదురు ఫ్లూటు. ఒక్కొక్కటి, రెండు మూడు రోజులకు ఒకటి, ఎవరూ చూడనప్పుడు. ప్రతిసారీ సాయంత్రం బాపు నన్ను పిలిచి గుమ్మంలో నిలబెట్టేవాడు.

"సరళా, ఒక్కసారి అంత సూడు. కన్ను యాడన్న ఆగుతున్నదా?"

"లేదు బాపు."

"మంచిది."

తల్లి కన్ను వాటి మీద పడితే ఏడుస్తుందని ఆయన భయం. ఏడ్పు తప్పించడానికి ఆయనకు వచ్చిన పని ఇదొక్కటే. నాకు అది అర్థమైంది, సాయం చేస్తున్నాననుకున్నాను. ఒక పొద్దున జడ వేసుకుంటూ గోడలోని గూటివైపు చూశాను. అందులో అంతకుముందు ఏముండేదో గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. ఆ గూడు ఇప్పటికీ నాకు ఖాళీగానే కనిపిస్తుంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, మొదటి నుంచీ నలుగురమే ఉన్నట్టు ఉంది ఇల్లు. అద్దం తీసేసిన గోడ ముందునుంచి పోతుంటే వీపు మీద చలి తగిలేది.

బాపమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"గా ఊరు యాడున్నదో నాకు సూపియ్యి."

"చిన్న ఊరమ్మా. పటంల ఉండదు."

"నువ్వు పటాలాఫీసుల చేస్తవ్. నీ పటంల లేకుంటే ఇంకెవని పటంల ఉంటదిరా?"

"లేదన్న గద."

"నాకు సదువు రాదు. జాగ సూపిస్తే చాలు. పొద్దున లేసి యాడికి దండం బెట్టాల్నో తెల్వక నాలుగు దిక్కులు తిరుగుతున్న."

ఆ మర్నాటి నుంచి ఆమె చాయ్ మానేసింది. అన్నం తినేది, మాట్లాడేది, జొన్నలు ఏరేది. చాయ్ ముట్టేది కాదు. అమ్మ రోజూ గ్లాసు పెట్టేది, రోజూ పారబోసేది. ఇలా ఎండలు ముదిరేదాకా. ఒక శనివారం బాపు ఆఫీసు నుంచి వచ్చి టిఫిన్ డబ్బా విప్పాడు. కింది గిన్నెలో, ఎనిమిది మడతలు పెట్టిన పెద్ద కాగితం ఉంది. అచ్చు సరిగ్గా రాని కాగితాలను లెక్కపెట్టి, ఒకరోజు అన్నీ కలిపి ఆఫీసు ఆవరణలో కాల్చేవారు. అందులోది ఒకటి తెచ్చాడు. సరిహద్దు పటం. దొరికితే నౌకరీ పోవడమే కాదు, జైలు. అది ఆయన మాకు చెప్పలేదు. మొహం చూస్తే తెలిసింది.

దాన్ని బాపమ్మ అల్మారా తలుపుకు లోపలివైపు అంటించాడు. ఎవరైనా వస్తే తలుపు మూసేయవచ్చు. మట్టిరంగు గుట్టల గీతలు వేలకొద్దీ, నీలం వాగులు, అక్కడక్కడ ఊళ్లు. బాపమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. బాపు ఒక గుట్ట మీద వేలు పెట్టాడు.

"గీడ."

"గీడనేనా?"

"గీడనే అమ్మా."

ఆమె డబ్బాలోంచి ఒక జొన్న గింజ తీసి, గంజిలో ముంచి, ఆ గుట్ట మీద అంటించింది. వేలితో చాలాసేపు అదిమి పట్టుకుంది. తర్వాత "సరళా, చాయ్ దే" అంది.

ఆదివారం అంతా ఆమె తలుపు తెరుచుకుని పటం ముందు కూర్చుంది. సోమవారం సాయంత్రం బాపు బూట్లు విప్పకముందే అల్మారా దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చి వంటింట్లో నన్ను పట్టుకున్నాడు.

"గింజను నువ్వు జరిపినవా?"

"నేను ముట్టలే."

"మీ అమ్మ?"

"అమ్మ పొద్దుట్నుంచి కార్వాన్ల, తల్లిగారింట్ల ఉన్నది."

వెళ్లి చూశాను. గింజ గుట్ట మీద లేదు. జానెడు ఇవతల, ఒక వాగు పక్కన ఉంది. అక్కడ ఏమీ లేదు. ఊరు లేదు, బాట లేదు. గుట్టల గీతలు తప్ప ఏమీ లేని జాగా. బాపు దాన్ని గోటితో ఊడదీసి మళ్లీ గుట్ట మీద పెట్టాడు. మంగళవారం అది మళ్లీ వాగు పక్కన ఉంది. అదే జాగా, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆయన మళ్లీ గుట్ట మీదికి తెచ్చాడు. ఈసారి అల్మారాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ పూట అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి చెవులు రిక్కించడం చూశాను. బాపమ్మ తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అల్మారాలోంచి ఏ చప్పుడూ రాలేదు.

బుధవారం పొద్దున తాళం వేసినట్టే ఉంది. బాపు తీశాడు. గింజ వాగు పక్కన ఉంది.

చిన్నబాపు అని నా నోటిదాకా వచ్చింది, అనలేదు. బాపు ఆరోజు ఆఫీసుకు పోలేదు. మా ఎరుకలో ఆయన సెలవు పెట్టడం అదే మొదలు. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆయన మొహంలో ఉన్నది దయ్యం భయం కాదని తర్వాత తెలిసింది. గఫూర్ చాచా కన్ను రెండు బీడీలు కాల్చినా ఆగని చోట ఎవరి కన్నో ఆగింది.

"ఎవరు జేస్తున్నరు?" అన్నాడు, ఎవరినీ కాకుండా.

"నేనే" అంది బాపమ్మ, మంచం మీదినుంచి.

"తాళం ఏసిన గదమ్మా!"

"నా పెండ్లి అల్మారరా ఇది. తలుపు పైకెత్తితే బందుల్లకెళ్లి ఊడొస్తది. మీ నాయన పైసలు దాస్కుంటుండె, గప్పట్నుంచి ఎర్క నాకు."

అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మాత్రం అదే జాగాను చూస్తున్నాడు.

"గాడ ఎందుకు పెట్టినవ్?"

"నువ్వు సూపినకాడ వాడు లేడు."

"నీకెట్ల ఎర్క?"

ఆమె లేచి వచ్చింది. చూపుడు వేలు పటం మీద పెట్టి మెల్లగా లాగింది, జొన్నలు ఏరేటప్పుడు చాటలో లాగినట్టే. "గీ కాయితం మీద గీతలన్ని ఎవడో గీసిండు. వాడెవడో నాకు తెల్వదు. గీ జాగకు వస్తే మాత్రం గీతలు నీవి."

బాపు మంచం కోడు వదిలాడు.

"చిన్నప్పుడు గోడ సున్నం గీకేటోడివి. నేను కొడ్తనని ముగ్గుపిండితోని గీతలు గీసి మూసేటోడివి. గీత ఆఖర్ల నీ చెయ్యి జర కిందికి వంగుతది. గప్పుడు గట్లనే, గిప్పుడు గట్లనే. ఇక్కడ సూడు. వంగింది. ఇక్కడ. ఇక్కడ గూడ." ఆమె వేలు ఆపింది. "నువ్వు మూసినకాడనే నా కొడుకు ఉన్నడు. ఏం మూసినవ్‌రా?"

నేను వంగి చూశాను. నాకు ఏ తేడా కనిపించలేదు.

బాపు సంతకం పెట్టిన మనిషి. నోటితో చెప్పలేదు. లేచి, తన కోటు జేబులోంచి సన్న కుంచె, ఎర్ర రంగు ఎండిపోయిన చిన్న సీసా తీశాడు. సీసాలో రెండు చుక్కల నీళ్లు పోసి కలిపాడు. గింజ పక్కన, వాగుకు అడ్డంగా, రెండు పొట్టి గీతలు గీశాడు. గీతల చివర్లు బయటికి వంచాడు. పటంలో వంతెనను అలాగే చూపిస్తారు. రోజూ దేన్నయితే చెరపడానికి వాడాడో, ఆ రంగుతోనే గీశాడు.

బాపమ్మ చూసింది. "వంతెన" అంది.

బాపు తల ఊపాడు. రెండేళ్ల కింద దాన్ని జాబితాలో చూసి తనే తీశానని, ఉత్తరంలో ఊరి పేరు వినగానే గుర్తుపట్టానని ఆయన మాతో ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది. బాపమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టి, "ఇల్లు గూడ గిట్లనే మూస్తున్నవ్. వాని అద్దం తెచ్చి పెట్టు" అంది. ఆ సాయంత్రం అద్దం మేకుకు వచ్చింది. బూట్లు వరండాలోకి వచ్చాయి. చొక్కాలు అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గఫూర్ చాచా గొడుగు లేకుండా తడిసి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచి "అమ్మా, చాయ్ ఉన్నదా, మీ కోడలు తాగేసిందా?" అని అరిచే మనిషి ఆరోజు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నర్సింగ్ భాయ్, కాల్చే కాగజ్‌లు లెక్కపెడ్తే ఒకటి తక్కువొచ్చింది. సరిహద్దుది. నువ్వు చేసిన షీటే."

బాపు లేచి నిలబడ్డాడు.

"కూసో. చినిగిన ముక్కను గూడ ఒకటని లెక్కపెడ్తరు గద. నేనొక కాగజ్‌ను రెండు చేసి పెట్టిన. లెక్క కుదిరింది. అయినా సాబ్ మొహం మంచిగ లేదు. ఎవల ఇంటికన్న పంపుతడు. ముందుగాల నీ ఇంటికే. యాడున్నది?"

బాపమ్మే అల్మారా తలుపు తెరిచింది. చాచా వెళ్లి పటం ముందు నిలబడ్డాడు. గింజను చూశాడు, ఎర్ర వంతెనను చూశాడు. ఆఫీసు అలవాటు, బీడీ కోసం జేబు తడుముకున్నాడు. ఆయన కన్ను ఆగింది.

"యా అల్లా" అన్నాడు. "ఇది కాల్చాలె అమ్మా. ఇప్పుడే. మా సందుల హమామ్ నీళ్ల పొయ్యి ఉన్నది, అందుల ఏస్త."

బాపు తల్లివైపు చూశాడు. ఆమె వద్దంటే ఆయన ఆ కాగితాన్ని ఇచ్చేవాడు కాదని నాకు ఇప్పటికీ నమ్మకం. జైలుకైనా పోయేవాడు. ఆమె అది చూసింది. ఒక కొడుకు జాగా దొరికింది, ఇంకో కొడుకు జాగా పోయేలా ఉంది. కాగితం నాలుగు మూలలను ఆమే నీళ్లు తడిపి ఊడదీసింది. గింజ ఊడలేదు.

"తీస్కపో బిడ్డా" అంది. "జాగ నాకు కండ్లల్ల ఉన్నది. వాడు నడిశే మనిషి. ఒక్కతాన ఉండడు. ఏడాదికి గింజంత నడిశినా ఎప్పటికన్న వస్తడు గద."

చాచా కాగితాన్ని మడిచి బనీను లోపల పెట్టుకుని, పైన చొక్కా గుండీలు వేసుకుని, వానలోకి వెళ్లాడు. మూడోరోజు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. అల్మారా తలుపు తెరిచారు. లోపల చీరలు, జొన్నల డబ్బా. తలుపు మీద గంజి మరకలు నాలుగు. వాళ్ల కళ్లు వాటి మీద ఆగలేదు.

మరుసటి చలికాలం ఖైదీలను వదిలారు. పేపర్లో పేర్లు వచ్చిన రోజున బాపమ్మకు అన్నీ చదివాను. "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. "సరే. వాడు నడుస్తున్నడు. గీ పేర్లల్ల ఎందుకుంటడు?" అని చాటలో జొన్నలు పోసుకుంది. చనిపోయేదాకా పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని బోసి తలుపు ముందు కూర్చునేది. కొన్నేళ్లకు ఒక వానాకాలంలో పోయింది. చిన్నబాపు రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, బాపు, చాచా ఇద్దరూ రిటైరయ్యాక, మా వరండాలో కూర్చుని ఉండగా చాచా ఒక మాట చెప్పాడు. పైదేశంలో ట్రైనింగుకు పోయొచ్చిన ఒక ఆఫీసరు చెప్పాడట. పెద్ద దేశాలు ఆకాశంలోంచి ఫొటోలు తీసి మన నేలకు పటాలు వేసుకున్నాయి. వాళ్ల పటాల్లో మన వంతెనలన్నీ ఉన్నాయి. పేర్లు వాళ్ల అక్షరాల్లో, ఏ వంతెన మీద ఎంత బరువు బండి పోతుందో అంకెతో సహా. మనతో స్నేహంగా ఉన్నవాళ్ల దగ్గర ఉన్నాయి, ఓడలు పంపి బెదిరించినవాళ్ల దగ్గరా ఉన్నాయి. "మరి మనం గన్నేండ్లు ఎవల కండ్లకు గంతలు కట్టినం భాయ్?" అన్నాడు చాచా. బాపు గోళ్లు చూసుకున్నాడు. అప్పటికి ఎరుపు పోయింది. "మా అమ్మకు" అన్నాడు.

ఇప్పుడు ఆ వంతెన నా ఫోనులో ఉంది. వేళ్లతో సాగదీస్తే పెద్దదవుతుంది. పక్కన కొత్తది కట్టారు. పాతదాని దిమ్మెలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఎవరైనా చూడవచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇదంతా రాస్తూ ఆ ఊరి పేరు రాయలేకపోయాను. రెండుసార్లు మొదటి అక్షరం రాసి కొట్టేశాను.

మూడోరోజు గొట్టం తెరిచాను. ఎనిమిది మడతల గీతలు అలాగే ఉన్నాయి. చాచా హమామ్ దాకా పోలేదు. బల్ల మీద పరిచి నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాను. ఎర్ర వంతెన కొంచెం వెలిసింది. దాని పక్కన గింజ లేదు. గింజ ఉన్నచోట గుండ్రటి మరక ఉంది. ఆ మరక కింద, దాన్ని ఆనుకుని, ఇంకో మరక. దాని కింద ఇంకొకటి. గింజకు గింజ తాకేలా, ఒకే వరస, పటంలో దక్షిణానికి. అది మనవైపు. లెక్కపెట్టలేదు. చివరి మరక మీద గింజ ఉంది. పోయిన చలికాలంది అయ్యుండాలి, ఇంకా రంగు మారలేదు.

ఆ కాగితం మా ఇంట్లో దొరికితే దొంగతనం అనేవారు. గఫూర్ అనే పేరున్న మనిషి ఇంట్లో, శాలిబండలో, పడమటి సరిహద్దు పటం దొరికితే ఏమనేవారో ఆయనకు మాకంటే బాగా తెలుసు. సందులో లొల్లులైన ఏళ్లున్నాయి, కర్ఫ్యూలున్నాయి, ఇల్లిల్లూ వెతికిన రోజులున్నాయి. బాపుకు కూడా చెప్పలేదు. చెబితే బాపు తెచ్చి నిజంగానే కాల్చేవాడు. ఏడాదికొక గింజ. ఒక ముసలమ్మ ఎవరితోనో అన్నట్టు అన్న మాటకు.

నస్రీన్‌కు ఫోను చేశాను. మా ఇంట్లో జొన్నలు లేవు, పిండి పాకెట్టే ఉంది. గిన్నె అడుగున గుప్పెడు తెచ్చింది. చూపించాను. అంతా చెప్పాను. ఊరి పేరు కూడా చెప్పాను. ఆమె కాసేపు ఆ మరకల వరస మీద వేలు పెట్టకుండా, పైపైన, గాలిలో నడిపించింది.

"అబ్బా పోయినసారి గింజ దొరక్క అరిశిండక్కా. 'ఆలస్యం ఐతున్నది' అన్నడు. ఎవలకు ఆలస్యమో అని నవ్విన" అంది.

గంజి కాచాను. పాత గింజను ఊడదీసి, ఆమె తెచ్చినవాటిలో ఒకటి ఏరి, మరక కింద అంటించి వేలితో అదిమాను. గంజి ఆరేదాకా తీయలేదు. కాగితం అంచుకు ఇంకో నాలుగు గింజల దూరం ఉంది. నస్రీన్ కూడా అదే చూస్తోంది.

"కాయితం అయిపోతే ఏం జేస్తమక్కా?" అంది.

"బల్ల ఉన్నది గద" అన్నాను.